ఊడిపోతుందని నేను చెప్పలేదు

నాకు కోపం ఎక్కువని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. నా చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఆయాలు మాటలు ఆపేసి మూల చూసుకునేవారు. దాన్ని నేను చాలాకాలం గౌరవం అనుకున్నాను. కత్తి పట్టుకుంటే నా చేతికి వణుకు లేదు, ఓపిక కూడా బోలెడు. రోగితో నాలుగు మాటలు నిదానంగా చెప్పాల్సి వస్తే మాత్రం ఒళ్ళు మండేది. చదువుకోనివాళ్ళకు ఇవన్నీ చెప్పి ఏం లాభం, చెప్పేలోపల ఇంకో బిడ్డకు కట్టు మార్చవచ్చు కదా అనేవాణ్ణి. ఆ మాట పైకి సబబుగానే ఉంటుంది. దాని వెనక దాక్కుని నేను ఒక మనిషికి చేసిన అన్యాయం గురించి ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు రాయను.

మా కోలారు సీమలో పిల్లలు కాలడానికి నిప్పు అక్కర్లేదు, నీళ్ళు చాలు. పల్లెల్లో సంగటి ఎసరు, పట్టుగూళ్ళు ఉడికించే తొట్టి. గనుల దగ్గరైతే షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళ స్నానానికి కాచే అండా. గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయినా, గని కూలీలకు వరసగా కట్టిన లైను ఇళ్ళు అవే పాత ఇళ్ళు. ఒక గది, ఒక వసారా, ఆ వసారాలోనే పొయ్యి. అక్కడే బిడ్డలు ఆడుకోవాలి, అక్కడే నీళ్ళు కాగాలి. నేను ముళబాగిలు వైపు రాగులు పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. బెంగళూరులో చర్మం కోసి అతికే పని నేర్చుకుని గనుల ఊరికి వచ్చినప్పుడు, ఆ పని చేసేవాడు చుట్టుపక్కల ఇంకొకడు లేడు. అదీ నా తలకెక్కింది.

ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. లోతుగా కాలినచోట చర్మం దానంతట అది రాదు. ఒంటి మీద బాగున్న చోటు నుంచి, వెడల్పాటి కత్తితో, ఉల్లిపొర అంత పలచగా తీసి పుండు మీద పరుస్తాం. తీసిన చోట పది పన్నెండు రోజుల్లో మళ్ళీ మొలుస్తుంది. పిల్లలతో వచ్చిన చిక్కు ఏమిటంటే వాళ్ళ ఒళ్ళు చిన్నది. కాలింది ఎక్కువైతే తీయడానికి చోటు చాలదు. చాలనప్పుడు పెద్దవాళ్ళ తొడ నుంచి తీసి కప్పుతాం. అది మొదట అతుక్కుంటుంది, గులాబీ రంగుకు తిరుగుతుంది, చూసినవాళ్ళు సొంత చర్మమే అనుకుంటారు. రెండు మూడు వారాలకు ఊడిపోతుంది. ఎవరిదైనా ఊడిపోతుంది. కన్నతల్లిదైనా అంతే. లేత నారు మీద ఎండ పడకుండా కొబ్బరి మట్టలు కప్పుతామే, అలాంటిదన్నమాట. ఆలోపల బిడ్డ చర్మం తీసిన చోట మళ్ళీ మొలుస్తుంది, రెండోసారి తీసుకోవచ్చు. ఈ మాట చెప్పడానికి ఇంతే పట్టింది. మా అమ్మకు చెప్పినా అర్థమయ్యేది.

ఆ పాపకు నాలుగేళ్ళు. మధ్యాహ్నం షిఫ్టు వదిలే సైరను మోగింది. తండ్రి వస్తున్నాడని పాప వాకిట్లోకి పరుగెత్తింది. అదే సమయానికి, పాప పిన్నమ్మ అని పిలిచే సవతి తల్లి కాగిన అండాను పొయ్యి మీద నుంచి దించుతోంది. రొమ్ము, పొట్ట, రెండు తొడల ముందు భాగం కాలిపోయాయి. లైనులో ఎవరో మంచి మనసుతో సిరా పూసి తీసుకొచ్చారు. నేను ఆ నీలం రంగు కడిగిస్తూ అందరినీ తిట్టాను.

పాప తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి గనిలో పనిచేసేవాడు, పొడుగ్గా, చెవుల్లో దుమ్ముతో, నోట్లో మాట లేకుండా ఉండే మనిషి. ఏడాది కిందట చిత్తూరు సరిహద్దు పల్లె నుంచి ఒక పిల్లను రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. పాపను ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చింది ఆమే. తండ్రిని కన్న ముసలావిడ వెనకే వచ్చింది, దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ.

"కావాల్నే పోసింది డాక్టరప్పా. సవతి బిడ్డ గదా," అంది ముసలావిడ. అరవలేదు. నీళ్ళు ఎన్ని బిందెలు పట్టాయో చెప్పినట్టు చెప్పింది.

ఆ పిల్ల పాపను బల్ల మీద పడుకోబెట్టి పక్కకు నిలబడింది. ఆమె రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయని నాకు అప్పుడు కనబడింది. పొగలు కక్కే నీళ్ళలో నుంచి పాపను చేతులతోనే లాగింది. చేతులకు కట్టు కట్టించాను. ఆ చేతుల సంగతి ముసలావిడకు చూపించి ఒక్క మాట అనాలని నాకు తోచలేదు. నా పని చర్మంతో, సంసారాలతో కాదు అనుకున్నాను.

మొదటి వారం పాప బతుకుతుందో లేదో తెలియలేదు. రెండో వారంలో నిలదొక్కుకుంది. పుండ్లు శుభ్రపడ్డాయి. ఇక కప్పాలి. వీపు నుంచి, పిక్కల నుంచి తీస్తే సగానికి కూడా చాలదు. పెద్దవాళ్ళు ఎవరైనా ఇవ్వాలని చెప్పాను. తండ్రి నేల చూపులు చూశాడు.

"నాకు షిఫ్టు ఉండాది సార్," అన్నాడు.

అతన్ని తప్పు పట్టను. తొడల మీద చర్మం తీస్తే రెండు వారాలు పచ్చి పుండు, దానితో గనిలోకి దిగలేడు. ముసలావిడ ఒంట్లో తీయడానికి ఏమీ లేదు. పిన్నమ్మ ముందుకు వచ్చి, "నాది తీసుకోండి సార్," అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దానికి ఆరు నెలల ముందు ఇంకో బిడ్డ విషయంలో నేను నిజమే చెప్పాను. ఇది తాత్కాలికం, మూడు వారాలకు ఊడిపోతుంది అన్నాను. ఆ బిడ్డ తండ్రి, "ఊడిపొయ్యేదానికి నా తోలెందుకు కోసేది సార్," అని లేచిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ బిడ్డ దక్కలేదు. అప్పటి నుంచి చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. నిజం చెప్పి బిడ్డను పోగొట్టుకోవడం కన్నా నోరు మూసుకోవడం మేలు కదా. వంద అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు, ఒక్క అబద్ధంతో ఒక ప్రాణం నిలబెడితే తప్పేమిటి అనుకున్నాను. ఆ తండ్రికి నేను చెప్పిన తీరు ఎలాంటిదో మాత్రం ఆలోచించలేదు. గుమ్మంలో నిలబడి, గడియారం చూసుకుంటూ చెప్పాను.

కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఆ పిల్ల అడిగింది.

"నా తోలు పాపకి అంటుకుంటుందా సార్?"

"అంటుకుంటుంది."

"నేను కన్నది కాదు సార్."

"దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ వెయ్యి."

"అంటుకొని ఉండిపోతుందా?"

"ఉంటుందమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమె కట్టు ఉన్న చేతి బొటనవేలు చాపింది. నర్సమ్మ సిరా అద్దించింది.

వెన్నులో మత్తు ఇచ్చి రెండు తొడల నుంచీ తీశాను. నా చేయి బాగా నడిచిన రోజు అది. పొర ఎక్కడా తెగలేదు. పాప రొమ్ము మీద, పొట్ట మీద దాన్ని పరిచి, మధ్య మధ్య పాప సొంత చర్మం ముక్కలు నాటాను. తమలపాకులు వరుసగా పేర్చినట్టు వచ్చింది. చేతులు కడుక్కుంటుంటే నాకు నేనే ముచ్చటపడ్డాను.

ఐదో రోజు కట్టు విప్పాం. అంతా గులాబీ రంగు. పక్క మంచాల వాళ్ళు కూడా వచ్చి చూశారు. ముసలావిడ వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. ఆ తర్వాత లేచి వరండాలోకి వెళ్ళింది. పిన్నమ్మ అక్కడ గోడకు చేరబడి కూర్చుని ఉంది. తొడల నొప్పికి కాళ్ళు దగ్గర పెట్టుకోలేక ఎడంగా చాపుకుంది. అన్ని రోజులుగా ఆమె ముట్టిన నీళ్ళు ముసలావిడ తాగలేదు. ఆ రోజు తాను తెచ్చుకున్న రాగి గంజి లోటాలో పోసి ఆమె నోటికి అందించింది. ఆమె చేతులకింకా కట్లున్నాయి.

"నీ తోలు అంటుకునె గదమ్మా. ఇంగ నీ కడుపున పుట్టినట్టే పో," అంది.

వార్డు మొత్తం విన్నది. ఆ పిల్ల గంజి తాగుతూ ఏడ్చింది. నేను వార్డు గుమ్మంలో నుంచి చూస్తున్నాను. నాకు కళ్ళు చెమర్చాయి. నా వల్లే కదా అని పొంగిపోయాను కూడా. ఆ పొంగు తలుచుకుంటే ఇవాళ సిగ్గేస్తుంది.

మా నర్సమ్మ నాకన్నా పెద్దది, వార్డును ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషి. నా కోపానికి భయపడని ఒకే ఒక మనిషి కూడా ఆమే. ఆ సాయంత్రం కట్ల లెక్క రాయిస్తూ అడిగింది.

"ఊడిపోతుందని వాళ్ళకు చెప్పినారా సార్?"

"చెబుదాం, తొందరేముంది?"

"తొందరే సార్. ఆ ముసలామె మాట విన్నారు గదా."

"చర్మం అతికించడం నా పని. అత్తాకోడళ్ళను అతికించడం కాదు," అన్నాను. తెలివిగా అన్నాననుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

నిజానికి ఆ రోజే చెప్పి ఉంటే పోయేది. ఆ తర్వాత రోజైనా సరే. ప్రతి ఉదయం వార్డుకు వెళ్ళేటప్పుడు ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. తీరా వెళ్తే ముసలావిడ, పిన్నమ్మ ఒకే చాప మీద కూర్చుని పాపకు బన్ను పాలలో ముంచి పెడుతుండేవారు. పాప, "పిన్నమ్మా, నీ తోలు నాకు గిలిగింతలు పెడతాది," అనేది. ముగ్గురూ నవ్వేవారు. ఇప్పుడు ఎలా చెప్పేది? చెబితే నేను అబద్ధమాడానని తెలిసిపోతుంది. నన్ను దేవుడన్నట్టు చూస్తున్న కళ్ళు అవి. ఆ చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇందులో బిడ్డ ప్రాణం లేదు, వైద్యం లేదు, ఉన్నదల్లా నా డాబు.

పద్దెనిమిదో రోజున కట్టుతో పాటు పొర లేచింది. మర్నాటికి అంచులు నల్లబడి, తేమ పట్టి, పాలమీగడలా జారిపోయింది. మధ్యలో నాటిన పాప సొంత ముక్కలు మాత్రం నిలిచి, చుట్టూ పాకుతున్నాయి. వైద్యం లెక్కలో అంతా సవ్యంగా ఉంది. పాప వీపు మానింది, మళ్ళీ తీసుకోవచ్చు. నేను అనుకున్నది అనుకున్నట్టు జరుగుతోంది.

ముసలావిడ మంచం పక్కనే ఉంది. గిన్నెలో పడిన పొరను చూసింది. పిన్నమ్మ వైపు తలెత్తలేదు.

"రక్తానికి తెలుస్తాదప్పా," అంది నాతో. "కానిది కాదని తెలుస్తాది."

నా వెనక ఇద్దరు చిన్న డాక్టర్లు, నర్సమ్మ నిలబడి ఉన్నారు. నర్సమ్మ నా మొహం చూస్తోంది. ఇది ఎవరి చర్మమైనా ఊడిపోయేదే అవ్వా, నీదైనా, నీ కొడుకుదైనా, ఈ పాపను కన్నతల్లి బతికి ఉండి ఇచ్చినా ఊడిపోయేదే, ఈ పిల్లకు ముందే చెప్పకపోవడం నా తప్పు. ఈ మాటలన్నీ నా గొంతులో ఉన్నాయి. అప్పటికప్పుడు తయారుగా ఉన్నాయి. చిన్న డాక్టర్ల ముందు 'నా తప్పు' అనే మాట నోట రాలేదు.

"రేపు థియేటరుకు తీసుకురండి," అని పక్క మంచానికి నడిచాను.

మర్నాడు పాప వీపు నుంచి రెండోసారి తీసి పరిచాను. అది అతుక్కుంది, నిలిచింది. పాప గండం గడిచింది. ఆ చాప మళ్ళీ రెండయింది. ఒక చాప మంచం పక్కన, ఇంకొకటి వరండాలో. పిన్నమ్మ వండి తెచ్చిన గిన్నె మూత తీయకుండానే వెనక్కి వెళ్ళేది. మిగతా మంచాల ఆడవాళ్ళు ఆమెను చూసి గుసగుసలాడుకునేవారు. లైనుకు మాట పాకడానికి ఎంతసేపు? సవతి తల్లి తోలు బిడ్డ ఒంటికి పట్టలేదంట అని నీళ్ళ కొళాయి దగ్గర చెప్పుకున్నారని నర్సమ్మ నాకు చెప్పింది. ఆమె నన్ను నిందించలేదు, కబురు చెప్పింది అంతే. కావాలనే చెప్పిందని నాకు తెలుసు.

ఒక రోజు, ఇంకా పూర్తిగా మానని తన తొడల కట్టు మార్పించుకోవడానికి ఆ పిల్ల నా గదికి వచ్చింది. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు. కట్టు అయ్యాక లేవలేదు.

"ఒగ మాట అడగాల సార్," అంది.

"చెప్పు, తొందరగా."

"పెండ్లయిన కొత్తల్లో ఒగ దినం అనుకొన్నాను సార్. ఈ పాప లేకుండా ఉంటే నా సంసారం నాదే గదా అని. ఒగే ఒగ దినం. మళ్ళా ఎప్పుడూ అనుకోలేదు. అది నా తోలులో ఉండిపోయిండునా?"

ఆమె మొహంలో ఏడుపు లేదు. జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగితే చెప్పినట్టు ఉంది. జవాబు నా దగ్గర ఉందని నమ్మి వచ్చింది. అవును, నా దగ్గరే ఉంది. ఆ ఊరు మొత్తంలో నా దగ్గరే ఉంది.

"పిచ్చి మాటలు మాట్లాడొద్దమ్మా. అట్లాంటివేమీ ఉండవు," అన్నాను. గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచాను.

అట్లాంటివేమీ ఉండవు. ఆ రెండు ముక్కలతో నిజం చెప్పేశానని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. నేను చెప్పింది అబద్ధం కాదు గానీ, ఆమె అడిగినదానికి జవాబూ కాదు.

పాపను ఇంటికి పంపే రోజున ముసలావిడ తన ఊరికి తీసుకుపోయింది. ఆవని దగ్గర పల్లె అది. తండ్రి అడ్డు చెప్పలేదు. పిన్నమ్మ ఆసుపత్రి గేటు వరకు వచ్చింది. పాప ముసలావిడ భుజం మీద నుంచి వెనక్కి తిరిగి చూస్తూ పోయింది. ఇది నేను కిటికీలో నుంచి చూశాను. మా ఊరు అదే దారిలో ఉంది. ఏడాదికి నాలుగైదుసార్లు బస్సులో ఆవని మీదుగానే పోయేవాణ్ణి. దిగి ఒక మైలు నడిస్తే ఆ పల్లె. బస్సు ఆగినప్పుడల్లా, వచ్చేటప్పుడు దిగుదాం అనుకునేవాణ్ణి. వచ్చేటప్పుడు పొద్దుపోయిందనుకునేవాణ్ణి. అలా ఒకటి రెండు కాదు, ఎన్నో ఏళ్ళు.

పనిలో మాత్రం మారాను. ఆ తర్వాత పెద్దవాళ్ళ చర్మం తీయాల్సి వచ్చిన ప్రతిసారీ కూర్చోబెట్టి, కొబ్బరి మట్టల సంగతి చెప్పి, ఇది ఊడిపోతుంది, దాని పనే అది అనేవాణ్ణి. నేను భయపడినట్టు జనం లేచిపోలేదు. కాదన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళు, నొప్పి ఎన్ని రోజులుంటుంది సార్ అని మాత్రం అడిగి వేలిముద్ర వేశారు. అంటే ఆ అబద్ధం అవసరమే లేదు. ఆ పిల్లకు చెప్పి ఉన్నా కాదనేది కాదు. ఇది తెలిశాక నాకు సమాధానపడటానికి ఏమీ మిగల్లేదు.

గనులు మూతపడ్డాయి. ఆసుపత్రి నుంచి నేను రిటైరయ్యాను. రాబర్ట్‌సన్‌పేటలో బజారు వెనక రెండు గదులు తీసుకుని పూటకు పదిమందిని చూస్తున్నాను. కత్తి పని మానేశాను. మోకాళ్ళ నొప్పులు, చక్కెర, దురదలు, అంతే. కోపం కూడా తగ్గింది, ఓపిక వచ్చి కాదు, వయసై.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున యాభై దాటిన ఆడమనిషి మోకాలు వాచిందని వచ్చింది. మొహం చూసి గుర్తుపట్టలేదు. మోకాలు చూడటానికి చీర కొంచెం పైకి జరిపితే తొడ మీద పాలిపోయిన మచ్చ అంచు కనబడింది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. నా చేతి పని నాకు తెలియదా? ఆమె కన్నా ముందు నా కత్తిని గుర్తుపట్టాను.

"ఇది..." అన్నాను.

"మీరు తీసిందే సార్. మీకు మతికి ఉండదు."

కంపౌండరును బయటికి పంపాను. తలుపు దగ్గరికి వేశాను. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని, ముప్పై ఏళ్ళ కిందట చెప్పాల్సినది చెప్పాను. ఎవరి చర్మమైనా ఊడిపోయేదేనని. అది నాకు ముందే తెలుసునని. ఉండిపోతుందని చెప్పింది అబద్ధమని. ఆమె మనసుకూ, ఆ ఒక్క రోజు తలపుకూ, దానికీ ఏ సంబంధమూ లేదని. ఈసారి గడియారం చూడలేదు.

ఆమె మోకాలు నిమురుకుంది.

"అప్పుడే చెప్పింటే బాగుండు సార్," అంది. "మా అత్తకి చెప్పింటే చాలు. ఆమె పోయి తొమ్మిదేండ్లాయె."

తిడుతుందేమోనని చూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె తిట్టలేదు.

"పాప యాడుంది ఇప్పుడు?" అని అడిగాను.

"నాతోనే ఉండాది సార్. వాళ్ళ నాయన పోయినాంక నాతోనే. వేమగల్‌లో ఫ్యాక్టరీ పని. ఈ దినం లీవు పెట్టి నన్ను బండిలో పిలుచుకొని వచ్చె. నేనెప్పుడూ మింగే మాత్రలకి మందుల షాపుకి పొయింది, వచ్చేస్తాది."

"నీ దగ్గరికి ఎప్పుడు వచ్చింది?"

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "పాప పెద్దమనిషయినప్పుడు ఊర్లో పచ్చాకు గుడిసెలో కూర్చోబెట్నారు సార్. నీళ్ళు పోసేదానికి మా అత్త ఎవురెవుర్నో పిలిచె. పాపే పట్టుబట్టె, పిన్నమ్మే రావాలని. పోయినాను. వీపుకి పసుపు రాస్తా ఉంటే అడిగె, నీ తోలు నాకెందుకు అంటుకోలేదు అని. ఊర్లో అందరూ చెప్పింటారు గదా. నేనింగ దాచలేదు సార్. నీ గురించి ఒగ దినం చెడ్డగా అనుకొన్నాను పాపా, దానికే అంటుకోలేదు, నా తప్పే అని చెప్పేస్తిని. చెంబు నా చేతిలోనే ఉండె. ఆమీదట, పోనీలే అమ్మా, నీళ్ళు పొయ్యి, అనె. అదే మొదుటిసారి సార్, అమ్మా అనింది."

నేను లేచి నిలబడ్డాను. "రానీ, నేను చెబుతాను. నీ తప్పు లేదని దానికి తెలియాలి. ఇప్పుడే చెబుతాను."

"వద్దు సార్."

"ఎందుకు?"

"అది మన్నించి అమ్మా అనింది సార్. నా తప్పే లేదంటే, అన్నేండ్లు నాకు దూరంగా ఉండింది దాని తప్పయిపోతాది. వాళ్ళవ్వ తప్పయిపోతాది. ఆ బరువు దానికెందుకు? నేను మోసేసినాను గదా, నాకు అలవాటయిపొయింది."

అంతవరకు నేను మోస్తున్నది పెద్ద బరువని అనుకుంటూ వచ్చాను. చెప్పేస్తే దిగిపోతుందని, దించుకోవడానికే తలుపు వేసి కుర్చీ లాక్కున్నానని అప్పుడు తెలిసింది. ఆ తప్పు నాదని చెప్పుకునే హక్కు కూడా నాకు లేదు. దాన్ని ఆమె ఎప్పుడో తన పేర రాసుకుని, దానితో ఒక బిడ్డను సంపాదించుకుంది.

తలుపు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది. ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో హెల్మెట్టు. మెడ కింద, రవికె అంచు దగ్గర, చర్మం కొంచెం ముడతగా, ముదురు రంగులో ఉంది. వీపు నుంచి నేను తీసి పరిచింది.

"అమ్మా, ఆ మాత్రలు లేవంట, రేపు రమ్మన్నారు," అంది.

"పాపా, ఈయనెవురనుకొన్నావు? నిన్ను బతికించిన డాక్టరు," అంది తల్లి. అని నా వైపు చూసింది.

అమ్మాయి మొహం విప్పారింది. సంచి, హెల్మెట్టు బల్ల మీద పెట్టి, వంగి నా రెండు పాదాలూ ముట్టుకుని కళ్ళకద్దుకుంది. తల్లి నన్నే చూస్తోంది. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.